అత్త లెక్క, నాయిన చూపు, చిన్నాయన కార్డు

పాలమూరు లేబర్ అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు కనిపిస్తారని ఒకప్పుడు పేరు. ఎండకు ఆగుతారు, మట్టి మోస్తారు, తక్కువ కూలికి వస్తారు అనే అర్థంలోనే ఆ మాట వాడతారు. నేను అలాంటి ఇంట్లో పుట్టాను. మట్టి మోయడం ఒక్కటే కాదు, మా వాళ్లకు ఇంకా చాలా వచ్చు. ఒకరికి వచ్చింది ఇంకొకరికి రాదు. అందరికీ వచ్చినవన్నీ కలిస్తేనే నా చదువు నడిచింది. ఈ సంగతి రాయాలని చాలా కాలంగా మనసులో ఉంది.

మాది దేవరకద్ర వైపు ఒక పల్లె. కోయిల్‌సాగర్ మాకు మరీ దూరం కాదు, కానీ దాని నీళ్లు మా చెలకలకు ఎక్కేవి కావు. వాన పడితే జొన్న, ఆముదం, కంది. పడకపోతే ఏమీ లేదు. దసరాకూ దీపావళికీ మధ్య గుంపు మేస్త్రి ఊళ్లోకి వచ్చి ఇంటికింత అని అడ్వాన్సు ఇచ్చిపోయేవాడు. ఆ డబ్బు పాత అప్పుకో, పెళ్లి ఖర్చుకో అప్పుడే అయిపోయేది. తర్వాత గంపలు, పారలు, గడ్డపారలు, గిన్నెలు మూటకట్టుకుని గుంపంతా లారీ ఎక్కేది. మళ్లీ మృగశిర కార్తెకు, విత్తనాల వేళకు వచ్చేవాళ్లు. మా అమ్మానాయినలు మొదట తెలుగుగంగ కాలువల మీద పనిచేశారు. తర్వాత జూరాల కాలువల మీద, ఆ తర్వాత పుణె, బొంబాయి. మా జిల్లా నుంచి నేరుగా బొంబాయికి ఆర్టీసీ బస్సు ఉందంటే వేరే జిల్లాల వాళ్లు ఆశ్చర్యపోతారు. మాకు అది పక్క ఊరి బస్సు లెక్కే.

నా ఈడు పిల్లలు చాలామంది పెద్దవాళ్ల వెంటనే పోయారు. అక్కడ చిన్నపిల్లల్ని ఆడించడం, నీళ్లు మోయడం వాళ్ల పని. బడి అంతటితో సరి. నన్ను కూడా లారీ ఎక్కించే రోజు మా మేనత్త అడ్డం నిలబడింది. నాయినకు ఆమె అక్క. "పోరిని నా దగ్గర ఇడువు తమ్మీ. దాని బువ్వ సంగతి నేను జూస్కుంట" అన్నది. అప్పటికి అత్తకు వేరే ఆధారం ఏమీ లేదు. పల్లికాయ ఒలవడానికి, కలుపు తీయడానికి పోయేది. అయినా ఆ మాట అన్నది. అంత ధైర్యం ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అత్త గురించి ఎక్కువ రాస్తాను. రాయకుండా ఉండలేను.

ఆమె బడి మొహం చూడలేదు. సంతకం కూడా చాలా ఏళ్ల తర్వాత మహిళా సంఘంలో చేరినప్పుడు నేర్చుకుంది. కానీ లెక్కలో ఆమెను మించిన మనిషిని నేను చూడలేదు. ఈ మాట లెక్కల టీచరుగా చెబుతున్నాను. పల్లికాయ ఒలిస్తే మానికకు ఇంత అని కూలి ఇచ్చేవాళ్లు. పొద్దున్నుంచి ఎవరెంత ఒలిచారో, ఎవరికెంత రావాలో పదిమంది ఆడవాళ్లది అత్త నోటితో చెప్పేది. ఇంట్లో వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు ఉండేవి. నిలువు గీతలు కూలి పోయిన రోజులు, అడ్డగీత కొట్టినవి డబ్బు చేతికి వచ్చిన రోజులు. పండుగకు సున్నం వేసే ముందు ఆ గోడనంతా ఒకసారి చూసి బాకీలు మనసులో పెట్టుకుని అప్పుడు సున్నం వేయనిచ్చేది.

కొలతలు నాకు అత్తే నేర్పింది. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డెడు. రెండు అడ్డెళ్లు కుంచం. "అన్నీ రెండింతలే బిడ్డా. ఒక్కటి యాదికుంటే సాలు, తక్కినవి అవే వస్తయి" అనేది. కుంచానికి 64 గిద్దలని నేను వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పిన రోజు అత్త గుప్పెడు పల్లీలు నా ఒడిలో పోసింది. ఇప్పుడు ఏడో తరగతి పిల్లలకు ఘాతాలు మొదలుపెట్టేటప్పుడు నేను గిద్ద, సోల, తవ్వలతోనే మొదలుపెడతాను. ఇంట్లో అవ్వలను అడిగి రండని పంపిస్తాను. రెండు ఘాతం ఆరు అంటే ఏమిటో ఆ పిల్లలకు మళ్లీ చెప్పే పని ఉండదు.

మేస్త్రి లెక్క సంగతి చెప్పాలి. ఒక ఏడు మా నాయిన 2000 రూపాయలు అడ్వాన్సు తీసుకున్నాడు. నూటికి నెలకు 3 రూపాయల మిత్తి. సీజను అయిపోయాక మేస్త్రి ఇంటికొచ్చి లెక్క చెప్పాడు. ఎనిమిది నెలలకు మిత్తి 480 అన్నాడు. నాయిన తలూపాడు. నాయినది గట్టిగా మాట్లాడే స్వభావం కాదు. దర్వాజ దగ్గర కూర్చుని చాటలో కందులు చెరుగుతున్న అత్త చేతిలో చాట ఆపకుండానే అడిగింది. "సంకురాత్రికే సగం తెగిందని నువ్వే చెప్తివి గద. తెగిన సొమ్ముకు మిత్తి యాడిది?"

మేస్త్రి ఏదో చెప్పబోయాడు. అత్త విడమరిచింది. మొదటి మూడు నెలలు రెండు వేలకు, అంటే 180. తక్కిన ఐదు నెలలు వెయ్యికే, అంటే 150. మొత్తం 330. ఎక్కువ రాసింది 150. కాగితం లేదు, పెన్ను లేదు. చాటలో కందులు ఒకపక్కకు, రాళ్లు ఒకపక్కకు పోతూనే ఉన్నాయి. మేస్త్రి చాలాసేపు వాదించి చివరికి వంద రూపాయలు తగ్గించుకున్నాడు. ఆ వందలోనే ఆ ఏటి నా నోటుపుస్తకాలు, పరీక్ష ఫీజు. పదో తరగతి పరీక్ష నేను రాశానంటే ఆ రోజు అత్త నోరు తెరిచినందుకే.

ఆ తర్వాత మా వాడలో మేస్త్రి లెక్క చెప్పే రోజు ఎవరింట్లో ఉన్నా అత్తను పిలుచుకుపోవడం అలవాటైంది. దానికి ఆమె ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు.

నాయినది వేరే తీరు. నాయినకు లెక్క రాదు, మాట రాదు, కానీ నేలను చూస్తే తెలిసిపోతుంది. ఒక ఎండాకాలం సెలవుల్లో నేను కూడా వాళ్ల పని దగ్గరికి పోయాను. అప్పుడు పుణె పక్కన ఎక్కడో రోడ్డుకు మట్టిపని. నాయిన నేల మీద గొంతుకూర్చుని ఒక కన్ను మూసి దూరం దాకా చూసేవాడు. లేచి నాలుగడుగులు నడిచి మడమతో గీత గీసి "గీడ జానెడు తియ్యాలె" అనేవాడు. సూపర్‌వైజరు నీళ్ల పైపు తెచ్చి రెండు కొసలా పట్టించి చూస్తే సరిగ్గా అంతే వచ్చేది. మొదట్లో పైపు పెట్టి చూసిన ఆ మనిషి కొన్నాళ్లకు పైపు తేవడం మానేసి నాయినను పిలిచేవాడు.

మట్టిపనికి కూలి రోజుకు ఇంత అని కాదు, తవ్విన గుంత కొలతను బట్టి. పొడుగు, వెడల్పు కొలవడం తేలికే. లోతు దగ్గరే గొడవ. మొత్తం తవ్వేశాక నేల ముందు ఎంత ఎత్తు ఉండేదో ఎవరు చెబుతారు? అందుకని గుంత మధ్యలో తవ్వకుండా ఒక మట్టి దిమ్మె వదిలేస్తారు. దాని ఎత్తే లోతుకు సాక్ష్యం. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట దిమ్మె పల్లంలో వదిలితే కూలీలకు నష్టం, మిట్ట మీద వదిలితే కంట్రాక్టరు ఒప్పుకోడు. ఎక్కడెక్కడ వదలాలో నాయిన చూపించేవాడు. రెండువైపులవాళ్లూ ఆ జాగాలకు ఒప్పుకునేవాళ్లు. గుంపులో ఇరవై కుటుంబాల కూలి ఆ చూపు మీద ఆధారపడి ఉండేది. ఆయన మాత్రం అది ఒక విద్య అని ఎన్నడూ అనుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లు అన్‌స్కిల్డ్ లేబర్ అని రాసుకున్నారు, ఆయన వేలిముద్ర వేశాడు.

2015లో మిషన్ కాకతీయ వచ్చినప్పుడు మా ఊరి కుంట పూడిక కూడా తీశారు. జేసీబీతో కట్టను సరిచేస్తుంటే నాయిన పొద్దుటినుంచి అక్కడే నిలబడి చూసి, ఒకచోట కట్ట కుంగుతుందని ఆపరేటరుకు చెప్పాడట. ఎవరి ముసలాయనో అనుకున్నారు. మధ్యాహ్నం ఇంజినీరు సారు మిషన్‌తో లెవెల్ చూస్తే నాయిన చూపించిన దగ్గరే కట్ట దిగి ఉంది. ఆ సాయంత్రం ఆ సారు నాయినకు చాయ్ తెప్పించి పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకెక్కడెక్కడ చూడాలని అడిగాడని మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. అంత సంతోషం.

వాళ్లు అంత దూరంలో, నేను ఊళ్లో. మధ్యలో కబుర్లు నడిపింది ఇద్దరు: చిన్నాయన, మామ.

చిన్నాయనకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు పనిచేయలేదు. మట్టిపనికి పోలేడు కాబట్టి తాత ఆయనను బడికి పంపాడు. ఏడో తరగతి దాకా చదివాడు. అది చాలు, మా వాడంతటికీ ఉత్తరాలు రాసింది ఆయనే. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే వలసపోయిన ఇళ్లలోని ముసలివాళ్లు చుట్టూ చేరేవాళ్లు. అప్పట్లో కార్డు 15 పైసలు. ఆ చిన్న కార్డులో బర్రె ఈనింది, వాన పడింది, పిల్లకు జ్వరం తగ్గింది, ఎవరి పెళ్లి ఖాయమైంది, మేస్త్రి ఇంకెంత ఇవ్వాలి అన్నీ పట్టించేవాడు. ఆయన గొప్పతనం అక్షరాల్లో కంటే వినడంలో ఉంది. ఒక ముసలమ్మ గంటసేపు ఏడుస్తూ చెప్పిన దాంట్లోంచి కొడుకుకు చేరాల్సిన నాలుగు మాటలు ఏరుకుని, ఆమె చెప్పినట్టే రాసి, చదివి వినిపించి, "గింతేనా పెద్దమ్మా?" అని అడిగేవాడు. గింతే అని ఆమె తేలికపడి లేచి పోయేది.

నా మార్కులు కూడా ప్రతి పరీక్షకూ కార్డు మీద ఎక్కేవి. తక్కువ వచ్చినా దాచేవాడు కాదు, కానీ పక్కన ఒక మాట చేర్చేవాడు, "కష్టపడుతున్నది" అని. ఊళ్లో చిరుతల రామాయణం నేర్పించింది కూడా ఆయనే. తాను గజ్జె కట్టి ఆడలేకపోయినా హార్మోనియం ముందు కూర్చుని అందరి పద్యాలూ పలికించేవాడు. క్లాసులో వెనక బెంచీ దాకా నా గొంతు వినిపిస్తుందని అందరూ అంటారు. అది ఆయన దగ్గర పట్టిందే.

సరే, కార్డు రాస్తాడు, ఏ అడ్రసుకు? పని ఈ నెల ఒకచోట, వచ్చే నెల ఇంకోచోట. గుడిసెలకు నంబర్లు ఉండవు. ఆ చిక్కు తీర్చింది మా మామ, అమ్మకు తమ్ముడు. మామకు పని మీద అంత ధ్యాస ఉండేది కాదని, ఎప్పుడూ మాటలేనని పెద్దవాళ్లు విసుక్కునేవాళ్లు. కానీ ఎక్కడ గుడిసెలు వేసినా రెండు రోజుల్లో అక్కడి కిరాణా షాపు ఆయనతో మామకు దోస్తీ అయ్యేది. హిందీ, మరాఠీ, కన్నడం మూడూ అట్లా షాపుల ముందు నిలబడే నేర్చుకున్నాడు. ఆ షాపు పేరు మీద కార్డులు తెప్పించుకునే ఏర్పాటు చేసేవాడు. జాగా మారితే కొత్త షాపు అడ్రసు ఊరికి చేరవేసేవాడు. రేషను అప్పు, ఆసుపత్రి, పోలీసుల పలకరింపు, బస్సులో సీట్లు అన్నీ ఆయన నోటితోనే అయ్యేవి. గుంపులో ఒక పిల్లవాడికి పాము కరిచిన రాత్రి లారీ ఆపి, డ్రైవరును ఒప్పించి, ఆసుపత్రిలో చేర్పించేదాకా మామ నోరు ఆగలేదట. ఆ పిల్లవాడికి ఇప్పుడు ఇద్దరు కొడుకులు.

అమ్మ గురించి రాయడం కష్టం. ఏది మొదలుపెట్టినా తక్కువే అనిపిస్తుంది. కొత్త జాగాలో సాయంత్రం దిగితే చీకటి పడేసరికి పొయ్యి అంటుకునేది, నాలుగు కట్టెల మీద పట్టా నిలిచేది, గుడిసె చుట్టూ వాననీళ్లు పోయే చిన్న కాలువ తయారయ్యేది. గుంపులో కొత్తగా వచ్చిన కోడళ్లకు అమ్మే అన్నీ చూపేది. ఇక బొంతలు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, దగ్గర దగ్గరగా కుట్టేది. అమ్మ కుట్టిన బొంత ఎన్ని ఉతుకులకైనా లోపలి గుడ్డ ముద్దకట్టదు. పుణెలో పక్క బిల్డింగుల ఆడవాళ్లు అది చూసి తమ చీరలు తెచ్చిచ్చి కుట్టించుకున్నారు. పగలు మట్టి మోసి, రాత్రి వీధిదీపం కింద కూర్చుని కుట్టేది. ఇంటర్‌కు నేను పాలమూరు టౌనుకు పోయినప్పుడు ఆ బొంతల డబ్బే నా ఖర్చులకు వచ్చేది. చలికాలంలో నా మీద కప్పుకున్నదీ అమ్మ బొంతే.

కార్తీకంలో కురుమూర్తి జాతర మా జిల్లాలో పెద్ద పండుగ. ఆ జాతర చూసే వలస పోతామని అడ్డంతిరిగిన ఏళ్లు కూడా ఉన్నాయి. మా అవ్వ, అంటే నాయినమ్మ, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. స్వామివారి ఉద్దాలు, అంటే పాదరక్షలు, వడ్డెమాన్ నుంచి వస్తాయి. అక్కడ చెప్పులు కుట్టేవాళ్లు ఉపవాసం ఉండి, నిష్ఠతో వాటిని తయారుచేస్తారు. ఊరేగింపుగా వస్తుంటే జనం తొక్కిసలాడుకుంటూ దండం పెడతారు. పట్టుబట్టలు అమరచింత పద్మశాలీలు నేస్తారు. నగలు ఆత్మకూరు నుంచి వస్తాయి. అవ్వ గుట్ట మెట్ల మీద కూర్చుని నాకు ఇవన్నీ చెప్పి, "తోలు కుట్టెటోడు లేకుంటే దేవుడు గూడ ఒట్టికాళ్లతోనే నడవాలె బిడ్డా" అనేది. కులం పేరు పెట్టి ఎవరినైనా చిన్నచూపు చూసే మాట మా ఇంట్లో ఎవరన్నా అంటే అవ్వ ఊరుకునేది కాదు. ఆ జాగ్రత్త మాకందరికీ ఆమె నుంచే అబ్బింది.

1998 డీఎస్సీలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాతి సంగతులు మామూలే, అందరి ఇళ్లలో జరిగేవే. తమ్ముడు స్థిరపడ్డాడు, అమ్మానాయినలు వలస మానేశారు, ఊరికి లిఫ్టు నీళ్లు వచ్చాక రెండెకరాల్లో వరి కూడా చూశాం. చిన్నాయన, అవ్వ ఇప్పుడు లేరు.

పోయిన కార్తీకంలో చాలా ఏళ్ల తర్వాత అందరం కలిసి కురుమూర్తికి పోయాం. దర్శనం అయ్యాక గుట్ట కింద చెట్టు నీడన జొన్నరొట్టెలు, పల్లి తొక్కు, పెరుగు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మనసు ఆగలేదు, చెప్పేశాను. మేస్త్రి దగ్గర తగ్గించిన వంద రూపాయల సంగతి, దిమ్మెల సంగతి, కార్డు మీద "కష్టపడుతున్నది" అన్న మాట, కిరాణా షాపుల దోస్తీ, వీధిదీపం కింద బొంతలు. మీలో ఏ ఒక్కరు లేకున్నా నేను ఈ ఉద్యోగంలో ఉండేదాన్ని కాదని ఒక్కొక్కరి మొహం చూసి చెప్పాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాయిన లేచి నీళ్లు తెస్తానని పోయాడు. మామ, ఆ పుణె షాపాయన కొడుకు ఇప్పటికీ దీపావళికి ఫోన్ చేస్తాడని చెప్పి, అక్కడే ఫోన్ కలిపి నాతో మాట్లాడించాడు.

అత్త మాత్రం కదలకుండా అంతా విని, లెక్కలో ఒకటి తప్పిపోయిందన్నట్టు నా వైపు చూసింది.

"చిన్నాయన కార్డులు రాసిండు సరే. ఆ కార్డులకు పైసలు యాడియి అనుకున్నవ్? వాడంతటికీ రాస్తుండె, ఎవరిని గూడ అడగకపోతుండె. మీ అవ్వ గుడ్లు అమ్మి తెచ్చేది. గంప కింద ఐదు కోళ్లుండె యాది లేదా? ఒక్క గుడ్డు ఇంట్ల వండనియ్యకపోయేది."

కోళ్లు నాకు బాగా గుర్తున్నాయి. గుడ్లు ఎక్కడికి పోయేవో ఆ రోజే తెలిసింది.